కార్మిల్లాతో నా తగువు

అందరికీ నమస్కారం.

నచ్చిన పుస్తకం ఒకటి ఎంచుకుని మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నచ్చిందో లేదో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయిన పుస్తకం ఒకటి ఉంది, దాని గురించి మాట్లాడవచ్చా అంటే నవ్వి సరేనన్నారు. ఆ పుస్తకం ‘కార్మిల్లా’. రాసినవారు ఐర్లండుకు చెందిన జోసెఫ్ షెరిడన్ లె ఫాన్యూ. పదహారు చిన్న అధ్యాయాలు, ఒక ముందుమాట. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు అయిపోతుంది. రక్తపిశాచి కథ. డ్రాక్యులా నవల 1897లో వచ్చింది, ఇది అంతకు పాతికేళ్లు ముందుది. ఇద్దరు రచయితలదీ డబ్లిన్ నగరమే.

హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకోవడం మాకొక వ్యసనం. ఈ పుస్తకం అక్కడే దొరికింది. అట్ట లేదు, కుట్టు ఊడిపోయింది, మొదట ముందుమాట లేదు, చివర చాలా కాగితాలు లేవు. అందుకే కాబోలు, అమ్మేవాడు నాతో బేరం కూడా ఆడలేదు. హాస్టల్లో ఆ రాత్రే చదివేశాను. నా ప్రతి ఎక్కడ తెగిపోయిందంటే, కథ చెప్పే అమ్మాయి తన తండ్రితోనూ ఆయన మిత్రుడైన ముసలి జనరల్‌తోనూ బండిలో కూర్చుని ఒక పాడుబడ్డ ఊరికి వెళుతూ ఉంటుంది. ఇంట్లో అతిథిగా ఉన్న స్నేహితురాలు నిద్ర లేచాక వెనక బయలుదేరి వచ్చి కలుసుకోవాలి. జనరల్ తన ఇంట జరిగిన ఘోరం చెప్పడానికి గొంతు సవరించుకుంటాడు. అంతే, తరువాతి కాగితం లేదు. ఆ స్నేహితురాలు వచ్చిందా, వస్తే ఏమైంది అన్న ప్రశ్నతో నేను పన్నెండేళ్లు గడిపాను. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ పన్నెండేళ్లలో నా మనసులో ఆ నవల చాలా పెరిగిపోయింది. పూర్తి ప్రతి దొరికి చదివాక నాకు కలిగిన అసంతృప్తిలో కొంత భాగం లె ఫాన్యూది కాదు, నాది.

ఇక కథలోకి వస్తాను. ఆస్ట్రియాలో స్టిరియా అనే అడవుల ప్రాంతం. అక్కడి కొలువులో పనిచేసి విరమించుకున్న ఒక ఆంగ్లేయుడు చవగ్గా దొరికిన పాత కోట కొనుక్కుని కూతురితో ఉంటాడు. కూతురు లారా, పందొమ్మిదేళ్లది. తల్లి పసితనంలోనే పోయింది. కోట చుట్టూ కందకం, అందులో హంసలు, చుట్టూ ఎడతెగని అడవి. మనుషులున్న ఊరు ఒకవైపు ఏడు మైళ్లు, ఇంకో పెద్ద ఇల్లు మరోవైపు దాదాపు ఇరవై మైళ్లు. ఈ దూరాలన్నీ లారా మొదట్లోనే లెక్కగా చెబుతుంది. ఒంటరితనం అన్న మాట కన్నా ఆ మైళ్ల లెక్కే గుండెల్లో గుబులు పుట్టిస్తుంది.

లారాకు ఆరేళ్లప్పుడు ఒక రాత్రి మెలకువ వస్తుంది. మంచం పక్కన ఒక అందమైన యువతి మోకాళ్ల మీద కూర్చుని, దుప్పటి కింద చేతులు పెట్టి, తనవైపే చూస్తూ ఉంటుంది. పసిది భయపడదు. ఆమె జోకొడుతుంది, పక్కనే పడుకుంటుంది, పాప మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. అంతలో రొమ్ములో రెండు సూదులు దిగినట్టయి కెవ్వుమంటుంది. ఆ యువతి నేల మీదికి జారి మంచం కిందికి పోయినట్టు కనిపిస్తుంది. పనివాళ్లు పరిగెత్తుకొచ్చి, కలే అని సముదాయిస్తూనే, పక్కమీద గుంటపడిన చోట చెయ్యిపెట్టి చూస్తారు. అక్కడ ఇంకా వెచ్చగా ఉంటుంది. దయ్యాల కథలు నేను తక్కువ చదవలేదు, చిన్నప్పుడు విన్నవి అంతకన్నా ఎక్కువ. ఆ వెచ్చదనం దగ్గర నాకు వేసిన భయం మరి దేని దగ్గరా వేయలేదు.

ఎందుకో తరువాత ఆలోచించాను. మన పల్లెల్లో దయ్యం అంటే గాలి. గాలి సోకింది అంటాం, గాలి చేష్ట అంటాం. దానికి ఒళ్లు లేదు, అందుకే ఇంకొకరి ఒంట్లోకి దూరుతుంది, వేపమండకో, తిట్లకో, మొక్కుకో దిగిపోతుంది. లె ఫాన్యూ పిశాచం అలా కాదు. దానికి సొంత ఒళ్లుంది, బరువుంది, పడుకుంటే పక్క నలుగుతుంది. అది మనిషిలోకి దూరదు, మనిషి పక్కన చేరి స్నేహం అడుగుతుంది.

పన్నెండు పదమూడేళ్ల తరువాత ఒక వెన్నెల రాత్రి కోట ముందు ఒక బండి తిరగబడుతుంది. అందులోని గొప్పింటి స్త్రీ, తన ప్రయాణం ప్రాణావసరమని చెప్పి, స్పృహ తప్పిన కూతురిని మూడు నెలలు ఈ ఇంట్లో ఉంచుకోమని అప్పగించి వెళ్లిపోతుంది. ఆ అమ్మాయే కార్మిల్లా. లారా ఆమెను చూడగానే చిన్ననాటి కలలోని ముఖం గుర్తుపడుతుంది. ఈమె నోరు తెరిచేలోపే కార్మిల్లా ముందుగా, చిన్నప్పుడు కలలో నేను నిన్నే చూశానంటూ అదే కలను అవతలి వైపునుంచి చెబుతుంది. నేరం చేసినవారే ముందు వెళ్లి ఫిర్యాదు ఇచ్చినంత నేర్పు అది. తన గురించి మాత్రం ఆమె చెప్పేవి మూడే ముక్కలు: పేరు కార్మిల్లా, వంశం చాలా పాతది, ఇల్లు పడమర దిక్కున ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గాని గది నుంచి దిగదు. దిగాక ఒక కప్పు చాక్లెట్ పానీయం తప్ప ఏమీ తీసుకోదు.

ఈ భాగంలో ఒక సన్నివేశం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఊరూరా తిరిగి గారడీ చేసే ఒక గూనివాడు కోట ముంగిట్లోకి వస్తాడు. చుట్టుపక్కల పిశాచం తిరుగుతోందని, దానికి విరుగుడని, మంత్రపు గీతలు రాసిన తోలుముక్కలు అమ్ముతాడు. అచ్చంగా మన తాయెత్తే. మొదట కొనేది ఎవరనుకుంటున్నారు? కార్మిల్లా! కిటికీలోంచి వంగి, సరదాగా, వెంటనే కొంటుంది. లారా కూడా ఒకటి కొంటుంది. ఆ తరువాత గూనివాడు తలెత్తి కార్మిల్లా నోటివైపు చూసి, అమ్మాయిగారి పన్ను ఒకటి సూదిలా, దబ్బనంలా ఉంది, నా దగ్గర ఆకురాయి ఉంది, నొప్పి లేకుండా అరగదీసి గుండ్రంగా చేస్తానంటాడు. అంతవరకు వాడిపోయిన తీగలా ఉన్న పిల్ల ఒక్కసారిగా మండిపడుతుంది. మా నాన్నే ఉంటే వీణ్ణి కట్టేసి కొరడాతో కొట్టించి, ఎముకలదాకా వాతలు పెట్టించేవాడంటుంది. రెండు నిమిషాల్లో మళ్లీ మామూలైపోతుంది. తరువాత ఒకనాడు, తాయెత్తులో బహుశా మలేరియాకు విరుగుడు మందేదో పట్టించి ఉంటారని శాస్త్రీయంగా వివరించేది కూడా ఆమే. పిశాచం కూర్చుని పిశాచాలు లేవని హేతువాదం చెబుతుంటే నాకు ఎన్నిసార్లు చదివినా నవ్వొస్తుంది. రచయిత చెయ్యి తిరిగినవాడు అనడానికి ఈ మూడు పేజీలు చాలు.

ఇంతకన్నా గొప్ప సంగతి లారా మనసును ఆయన పట్టుకున్న తీరు. కార్మిల్లా ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, చెంపకు చెంప ఆనించి, నువ్వు నాదానివి, మనం ఎప్పటికీ ఒకటే అని ఊపిరాడకుండా చెబుతూ ఉంటే, లారాకు ఆమె మీద ఇష్టం పెరుగుతూ ఉంటుంది, అదే క్షణంలో ఏవగింపూ పెరుగుతూ ఉంటుంది. ఇష్టం ముందు వచ్చి ఏవగింపు తరువాత రావడం కాదు, రెండూ ఒకే గుక్కలో వస్తాయి. వేరే వివరణ తెలియక, ఇది మారువేషంలో వచ్చిన కుర్రవాడేమో అని కూడా ఆ పిల్ల అనుమానపడుతుంది. ఇద్దరు అమ్మాయిల మధ్య ఇటువంటి ఆకర్షణకు పేరు పెట్టడానికి కూడా జంకే కాలంలో, 1871–72లో, ‘డార్క్ బ్లూ’ అనే లండన్ పత్రికలో ఇది సీరియల్‌గా వచ్చింది. దాన్ని ఆయన జబ్బు లక్షణంలా మాత్రమే రాసి ఉంటే నాకు ఈ తగువే ఉండేది కాదు. ప్రేమలాగా రాశాడు.

మరి తగువు ఎక్కడ మొదలవుతుంది? లారా నీరసించిపోతూ ఉంటుంది. డాక్టరును రప్పిస్తారు. ఆయన తండ్రిని పక్కకు తీసుకెళ్లి మాట్లాడతాడు. మెడ కింద చిటికెన వేలి కొసంత నీలపు మచ్చ చూసి తండ్రి ముఖం పాలిపోతుంది. ఏమిటది అని లారా అడిగితే, ఏమీ లేదమ్మా, చిన్న మచ్చ అంటాడు డాక్టరు. తరువాత తండ్రిని అడిగితే, ఎన్నడూ లేనంత చిరాకుగా, ప్రశ్నలతో నన్ను వేధించకు అంటాడు. నా చిన్నతనంలో మా పెద్దమ్మకు జబ్బు చేసినప్పుడు డాక్టరుగారు చూసి వెళ్లేముందు పెదనాన్ననూ మా నాన్ననూ వసారాలోకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడారు. లోపల మంచం మీదనుంచి పెద్దమ్మ తల పైకెత్తి, ‘ఏమంటున్నాడే ఆయన?’ అని నన్నడిగింది. నాకు వినబడింది. వినబడలేదని చెప్పాను. హాస్టల్లో చదివిన రాత్రి ఈ డాక్టరు ఘట్టం నన్ను పట్టుకోవడానికి కారణం అదే. లారా మెడ మీది మచ్చ గురించి అందరికీ తెలుసు, ఆ మెడ ఎవరిదో ఆమెకు తప్ప.

పన్నెండేళ్ల తరువాత పూర్తి పుస్తకం దొరికింది. జనరల్ గొంతు సవరించుకున్న చోటి నుంచి మొదలుపెట్టాను. ఆయన పదకొండో అధ్యాయంలో మొదలుపెట్టి పద్నాలుగో అధ్యాయం దాకా చెబుతూనే ఉంటాడు. చెప్పేది మనకు తెలిసిన కథే. ఆయన పెంచుకున్న బెర్తా అనే అమ్మాయి, మారువేషాల విందులో పరిచయమైన ఒక గొప్పింటి స్త్రీ, ఆమె వదిలివెళ్లిన కూతురు మిల్లార్కా, బెర్తా నీరసం, బెర్తా చావు. కార్మిల్లా, మిల్లార్కా, లారా ఇంట్లోని 1698 నాటి చిత్రపటం మీదున్న మిర్కల్లా అన్న పేరు, మూడూ అవే అక్షరాలను అటూ ఇటూ మార్చినవని పాఠకుడు ఎప్పుడో పట్టేశాడు. లారా నోట సన్నగా, అనుమానంగా, సగం సిగ్గుతో విన్నదాన్ని ఈయన సైనిక నివేదికలా మళ్లీ వినిపిస్తాడు. ఆయన దుఃఖం నిజమైనదే, నేను కాదనను. కాని ఆ నాలుగు అధ్యాయాలూ లారా పక్కన కూర్చుని వింటుంది. తన కథను ఇంకొకరు చెబుతుంటే వింటుంది.

గుడి శిథిలాల్లో కార్మిల్లా వచ్చి నిలబడినప్పుడు, జనరల్ గొడ్డలి ఎత్తినప్పుడు, ఆమె చిన్న చెయ్యి ఆయన మణికట్టును పట్టుకుని గొడ్డలి జారవిడిపించి మాయమైనప్పుడు కథకు మళ్లీ ప్రాణం వస్తుంది. అది ఒకటిన్నర పేజీ. మరునాడు సమాధి తవ్వుతారు. ఏడంగుళాల నెత్తుటిలో తేలుతున్న ఆ ఒళ్లు, తెరిచి ఉన్న కళ్లు, సన్నగా ఆడుతున్న ఊపిరి, గుండెలో దిగ్గొట్టిన మేకు, ఆ కేక, తెగిన తల, కట్టెల మీద కాల్చడం, బూడిద ఏటిలో కలపడం అన్నీ ఉన్నాయి. లారా మాత్రం అక్కడ లేదు. రాజ విచారణ సంఘం నివేదిక ప్రతి ఒకటి నాన్న దగ్గర ఉంది, అందులోంచి క్లుప్తంగా రాస్తున్నాను అంటుంది. కార్మిల్లా చావు మనకు సంతకాలున్న కాగితంగా అందుతుంది.

చరిత్రలో జరిగింది దీనికి తలకిందులు. ఆస్ట్రియా రాజ్యపు సరిహద్దు ఊళ్లలో శవాలను తవ్వితీసి కాల్చడం మితిమీరినప్పుడు, 1755లో మరియా థెరీసా మహారాణి తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్‌తో విషయం పరీక్షింపజేసి, ఆ పని చెయ్యడానికి వీల్లేదని ఆజ్ఞ ఇచ్చింది. అంటే అక్కడి రాజ్యం ఆపిన పనిని లె ఫాన్యూ అదే రాజ్యపు అధికారుల చేత చేయించి సంతకాలు పెట్టించాడు. మొదట నాకు ఇది చవకబారు ముగింపు అనిపించింది. తరువాత తరువాత, ఆ కాగితాల పొడితనం కావాలనే పెట్టాడేమో అన్న అనుమానం మొదలైంది. అనుమానమే సుమండీ, రుజువు నా దగ్గర లేదు.

నాకు ఇంకో కోపం ఉంది, అది రాసినవాడి మీదకన్నా ఆ కథాలోకం మీద. కార్మిల్లా వచ్చాక చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లలు, ఆడవాళ్లు వరసగా చనిపోతుంటారు. పందుల కాపరి భార్య, అడవి కాపరి కూతురు. ఆ కూతురి శవయాత్ర పోతుంటే లారా నిలబడి పాటలో గొంతు కలుపుతుంది. కార్మిల్లా చెవులు మూసుకుని, రైతుకూలీ జనం గురించి నేను తల బద్దలు కొట్టుకోను అంటుంది. చివరి అధ్యాయంలో వచ్చే వివరణ ఇంకా నిర్దాక్షిణ్యం: పిశాచానికి కొందరి మీద ప్రేమలాంటిది పుడుతుందట, వాళ్లను నెలల తరబడి మచ్చిక చేసుకుంటుందట, మిగిలినవాళ్లను ఒక్క పూటలో ముగిస్తుందట. ఎవరు నెలలకు తగినవారు, ఎవరు పూటకు తగినవారు అన్నది వంశం చూసి తేలుతుంది. లారా తల్లి కూడా కార్మిల్లా పుట్టిన కార్న్‌స్టైన్ వంశపు ఆడపడుచే. దొరల గడీల కథలు వింటూ పెరిగినవాళ్లకు ఇది పెద్దగా విడమరిచి చెప్పనక్కరలేదు.

లె ఫాన్యూ ఈ సంగతి తెలియనివాడా? తెలియకపోవడానికి వీల్లేదు. ఆయన తండ్రి లిమరిక్ జిల్లాలో ప్రొటెస్టెంట్ చర్చి మతాధికారి. కాథలిక్ రైతులు ఆ చర్చికి కట్టవలసిన దశమభాగం పన్ను కట్టబోమని తిరగబడిన 1830ల గొడవల్లో ఆయన యౌవనం గడిచింది. ఆ చర్చికి ప్రభుత్వ మతంగా ఉన్న హోదా 1871 జనవరి 1 నుంచి పోయింది, అదే ఏడాది చివర కార్మిల్లా అచ్చవడం మొదలైంది. పాడుబడిన కోటలో పేరు మార్చుకుంటూ, చుట్టుపక్కల జనం నెత్తురుతో బతుకుతున్న పాత వంశపు కథను ఆ వర్గం మనిషి రాశాడు. స్టిరియా పేరు పెట్టి సొంత ఊరినే రాశాడని విమర్శకులు అనడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఆ అడవి కాపరి కూతురికి ఒక పేరు పెట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

కథలో వదిలేసిన ముడులు కూడా చాలా ఉన్నాయి. కార్మిల్లా తల్లినని చెప్పుకున్న స్త్రీ ఎవరు? బండిలోంచి తొంగిచూసి ఇకిలించిన తలపాగా నల్లజాతి స్త్రీ ఎవరు? ఆమె నలుపునే భయానికి గుర్తుగా వాడుకున్న ఆ వాక్యం నాకు ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటుంది. వీళ్లెవరూ మళ్లీ కనిపించరు. మొదటి అధ్యాయంలో ఇది జరిగి ఎనిమిదేళ్లయిందంటుంది లారా, కొంత దూరం పోయాక పదేళ్లు దాటిందంటుంది. వాయిదాల మీద అచ్చయ్యే కథలో దొర్లిన పొరపాటే కావచ్చు. అప్పటికి లె ఫాన్యూ భార్య పోయి పదమూడేళ్లు దాటింది, ఆయన ఇల్లు కదలక రాత్రుళ్లు రాసుకునేవాడు. 1873 ఫిబ్రవరిలో పోయాడు. నేను మాత్రం ఆ రెండు అంకెలనూ లారాకే వదిలేశాను. కొన్నిటిని లెక్కపెట్టేటప్పుడు ఎవరికైనా ఏళ్లు తప్పుతాయి.

బ్యారన్ వోర్డెన్‌బర్గ్ అనే పాత కాగితాల పండితుడు చివర్లో వచ్చి పిశాచాల ధర్మశాస్త్రం చెబుతాడు. అది దాటేయవచ్చు. అయితే ఆయన చెప్పినవాటిలో ఒకటి ఉంది. ఆయన పూర్వీకుడొకడు, ఆమె బతికుండగా, మిర్కల్లాను ప్రేమించాడు. ఆమె చచ్చి పిశాచమైందని, ఎప్పుడో ఒకనాడు జనం ఆమె శవాన్ని తవ్వి ఛిద్రం చేస్తారని తెలిసి, సమాధిని మాయం చేశాడు. ముసలితనంలో భయం పుట్టి గుర్తులు రాసిపెట్టి పోయాడు. ఆ గుర్తులతోనే ఇప్పుడు సమాధి దొరికింది. నవలలో ఇది పది పదిహేను వాక్యాలు. నాకిష్టమైన కార్మిల్లా అంతా ఆ వాక్యాల్లో ఉంది. ప్రేమించి దాచినవాడే భయపడి చూపించాడు.

లారా చివరి వాక్యం కూడా ఆ తీరుదే. తండ్రి ఆమెను ఇటలీ తీసుకెళతాడు, ఏడాది పైన తిప్పుతాడు. కార్మిల్లా ఒక్కోసారి అలసటగా నవ్వే అందమైన పిల్లగా, ఒక్కోసారి శిథిలాల్లో మెలికలు తిరిగిన రాక్షసిగా గుర్తొస్తుందని, పరధ్యానంలో ఉన్నప్పుడు హాలు తలుపు దగ్గర ఆమె తేలికపాటి అడుగుల చప్పుడు విన్నట్టయి ఉలిక్కిపడుతుంటానని రాసి ఆపేస్తుంది. భయపడి ఉలిక్కిపడిందా, ఎదురుచూస్తూ ఉలిక్కిపడిందా? నాలుగు అధ్యాయాల జనరల్‌నూ, ఏడంగుళాల నెత్తుటినీ, సంతకాల కాగితాన్నీ ఈ ఒక్క వాక్యం కోసం నేను క్షమించాను. మరునాడు మళ్లీ కోపం వచ్చింది.

నా ఫుట్‌పాత్ ప్రతిలో లేని ముందుమాట ఒకటుందన్నాను కదా. పూర్తి ప్రతిలో దాన్ని నేను అందరికన్నా ఆఖరున చదివాను. హెస్సీలియస్ అనే వైద్యుడి కాగితాలను సర్దుతున్న ఒకాయన రాసిన అరపేజీ అది. ఈ ఉత్తరం రాసిన తెలివైన స్త్రీతో ఆ వైద్యుడు నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు మళ్లీ మొదలుపెడదామనుకున్నాననీ, విచారిస్తే ఆమె ఈలోగా చనిపోయిందని తెలిసిందనీ అంటాడు. పిశాచం కాటుపడి పోయినవాళ్లు సమాధిలో పిశాచాలవుతారని కథ చివర చెబుతారు. లారా ఏ జబ్బుతో పోయిందో, ఎక్కడ పూడ్చారో ఆ అరపేజీలో లేదు.